పట్టూ విడుపూ: సంగీతకారుడి ఒంటి ఎరుక

(ద్వారం వెంకటస్వామినాయుడు స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)

వెనక గోడకి ఫిడేలు పెట్టెలు ఆనించి నిలబడ్డ విద్యార్థులకు ముందుగా ఒక మాట. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి బాబూ, వచ్చి కూర్చోండి. ఇవాళ కూర్చోవడం గురించే చాలాసేపు మాట్లాడబోతున్నాను, పనికొస్తుంది.

ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1893లో బెంగుళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆ వాయింపు విన్నవాళ్లు ఆచార్యుడిగా వేసుకున్నారని చెప్పుకుంటారు. అది 1919, ఆయన వయసు 26. 1936లో ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో కన్నుమూశారు. ఈ తేదీలు మీలో చాలామందికి నోటికి వచ్చినవే. వాటికన్నా పెద్ద సంగతి ఒకటుంది. పక్కవాద్యంగా, గాయకుడి వెనకే నడుస్తూ వచ్చిన ఫిడేలుని ఆయన వేదిక నడిమధ్యకి తెచ్చారు. ఒంటరిగా అదొక్కటే రెండు మూడు గంటలు సభని కూర్చోబెట్టగలదని చూపించారు. ఆ నాదంలో మృదుత్వం గురించి విన్నవాళ్లు ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు.

ఆయనకి చూపు బాగా తక్కువ. వేళ్లు ఎక్కడ పడుతున్నాయో కళ్లతో సరిచూసుకునే సౌకర్యం లేని మనిషికి, చేయి ఎంత బిగిసింది, ఎంత వదిలింది అనే ధ్యాస మనకంటే సూక్ష్మంగా ఉండి ఉంటుంది. ఇది నా ఊహ మాత్రమే, ఆయన ఎక్కడా అలా అన్నట్టు నేను చదవలేదు. కానీ ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకోమన్నప్పుడు నాకు ముందు తట్టింది ఇదే. రాగాల గురించి, బాణీల గురించి ఈ వేదిక మీద మాట్లాడేవారు చాలామంది ఉన్నారు. వాయించే ఒంటి గురించి మాట్లాడేవారు తక్కువ.

నేను చెప్పదలచింది ఒక్కటే. వేదిక మీద స్వేచ్ఛ అనేది సరైన భంగిమని తెచ్చిపెట్టుకుంటే రాదు. అక్కర్లేని బిగువు ఎక్కడుందో గమనించి, దాన్ని మానుకోవడం నేర్చుకుంటే వస్తుంది. అది పుట్టుకతో వచ్చే వరం కాదు, సరళీ స్వరాల్లాగే నేర్పదగిన విద్య. మన సంగీత కళాశాలల్లో దానికి పీరియడ్ లేదు.

1. మెనూహిన్ గడియారం

1952లో వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మొదటిసారి మన దేశానికి వచ్చాడు. మద్రాసులో, అప్పటి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ గారింట్లో, నాయుడు గారి వాయింపు విని ముగ్ధుడయ్యాడు. రాజమన్నార్ గారు తెలుగులో నాటకాలు రాసిన మనిషి కూడా. ఈ ఘట్టం మనవాళ్లు గర్వంగా చెప్పుకుంటారు, చెప్పుకోవాలి. కానీ అదే ప్రయాణంలో బొంబాయిలో జరిగిన ఇంకో ఘట్టం మన సంగీతకారుల చెవిన పెద్దగా పడలేదు.

మెనూహిన్ బాలమేధావి. 11 ఏళ్లకే, 1927లో, న్యూయార్కు కార్నెగీ హాలులో బీథోవెన్ కాన్చెర్టో వాయించాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక శిబిరాల్లో, ఆసుపత్రుల్లో 500కు పైగా కచేరీలు చేశాడు. ఆ అలసట తర్వాత చేయి మాట వినడం మానేసింది. చిన్నప్పుడు ఎలా వాయించేవాడో అతనికే తెలియదు, కాబట్టి పోయినదాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలియలేదు. సహజంగా వచ్చిన విద్యలో ఉన్న చిక్కు ఇదే. అది ఉన్నన్నాళ్లూ దాన్ని గురించి ప్రశ్న పుట్టదు, పోయాక జవాబు దొరకదు.

బొంబాయిలో బి.కె.ఎస్. అయ్యంగార్ అనే యోగాచార్యుడు అతన్ని చూడటానికి వెళ్లాడు. బాగా అలిసిపోయి ఉన్నాను, ఐదు నిమిషాలే ఇవ్వగలనని మెనూహిన్ అన్నాడట. అయ్యంగార్ పడుకోమన్నాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే నిద్రపోయాడు. లేచేసరికి గంట దాటింది. అక్కడినుంచి ఆ స్నేహం ఏళ్ల తరబడి సాగింది. 1954లో అయ్యంగార్‌ని స్విట్జర్లాండ్ పిలిపించుకున్నాడు. ఒక చేతి గడియారం బహూకరించి, దాని వెనక, నా అందరి వయొలిన్ గురువుల్లోకీ ఉత్తముడికి అనే అర్థం వచ్చేలా చెక్కించాడు. అయ్యంగార్ జన్మలో ఫిడేలు పట్టినవాడు కాదు. 1966లో అయ్యంగార్ ప్రసిద్ధ గ్రంథం వెలువడినప్పుడు ముందుమాట మెనూహిన్‌దే. 1982లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ నూరేళ్ల పండుగలో మెనూహిన్ శీర్షాసనం వేసి కాళ్లతో బీథోవెన్ అయిదో సింఫనీ మొదలు నడిపించాడు. ఆ ఫొటో చూసి అందరూ నవ్వుకుంటారు, నవ్వాల్సిందే. దానికన్నా నాకు ముఖ్యమైంది అతను 1971లో వెలువరించిన ఆరు పాఠాల వయొలిన్ పుస్తకం. అందులో మొదటి పాఠంలో వయొలిన్ చేతికివ్వడు. ఊపిరి, సాగదీత, నిలబడే తీరు, అంతే.

ఇక్కడో జాగ్రత్త చెప్పాలి. మెనూహిన్ కథ విని, అయితే మా పిల్లల్ని యోగా క్లాసుకి పంపుతాం అంటారు కొందరు తల్లిదండ్రులు. పంపండి, మంచిదే. కానీ పొద్దున్న చాప మీద పద్మాసనం వేసిన కుర్రాడు సాయంత్రం ఫిడేలు పట్టగానే భుజం చెవిదాకా ఎత్తేయడం నేను రోజూ చూస్తున్నాను. చాప మీద నేర్చిన సడలింపు వాద్యం దగ్గరికి దానంతట అది నడిచిరాదు. మెనూహిన్ దాన్ని కమాను దాకా తెచ్చుకున్నాడు. ఎలా తెచ్చుకోవాలన్నదే అసలు ప్రశ్న. ఆ ప్రశ్నని నాకు తెలిసినంతలో అందరికన్నా మొండిగా పట్టుకున్నవాడు ఒక ఆస్ట్రేలియా నటుడు.

2. అద్దాల ముందు అలెగ్జాండర్

ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్ 1869లో టాస్మానియా దీవిలో పుట్టాడు. షేక్‌స్పియర్ నాటకాల్లోని ఘట్టాలు వేదిక మీద ఒక్కడే చదివి వినిపించడం అతని వృత్తి. కొన్నాళ్లకి చదువుతుంటే గొంతు బొంగురుపోవడం మొదలైంది. డాక్టరు గొంతుకి విశ్రాంతి ఇమ్మన్నాడు. ఇచ్చాడు. బాగుపడింది. వేదిక ఎక్కి సగం చదివేసరికి మళ్లీ పోయింది.

మనమైతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళతాం, లేకపోతే మిరియాల కషాయం తాగుతాం. అతను తర్కించాడు. మామూలుగా మాట్లాడితే పోని గొంతు, వేదిక మీద చదివితేనే పోతోందంటే, చదివేటప్పుడు నేనే ఏదో చేస్తున్నాను. ఆ ఏదో ఏమిటి? అద్దం ముందు నిలబడ్డాడు. మాట ఎత్తుకోబోయే క్షణంలో మూడు పనులు కనిపించాయి. తలని వెనక్కి కిందికి లాగుతున్నాడు, స్వరపేటికని నొక్కేస్తున్నాడు, నోటితో గుటక వేసినట్టు చప్పుడుతో ఊపిరి పీలుస్తున్నాడు. మామూలు మాటల్లో కూడా ఇవి ఉన్నాయి, చిన్నగా. వేదిక అంటే పెద్దవవుతున్నాయి. తల లాగడం మానితే మిగతా రెండూ తగ్గుతున్నాయి కూడా.

సరే, తల ముందుకి పెడితే సరిపోతుంది కదా అనుకున్నాడు. పెట్టాడు. పెట్టానని ఒళ్లు చెప్పింది. పక్కన ఇంకో రెండు అద్దాలు అమర్చుకుని చూస్తే తల వెనక్కే ఉంది, ఇంతకుముందు కన్నా ఎక్కువగా. ఈ కథలో నాకు ఒళ్లు జలదరించే చోటు ఇదే. ఏళ్ల అలవాటు ఒంటికి సరైనదిగా అనిపిస్తుంది, సరైనది వంకరగా అనిపిస్తుంది. మనకి కలిగే అనుభూతే కొలబద్ద అయితే, ఆ కొలబద్దే వంగి ఉంది. మా క్లాసులో ఒకమ్మాయి కుడి భుజం ఎత్తి వాయిస్తుంటే చేత్తో మెల్లగా దించాను. “మాస్టారూ, ఇప్పుడు పక్కకి ఒరిగిపోయినట్టుంది” అంది. అద్దంలో చూస్తే అప్పుడే తిన్నగా ఉంది.

అలెగ్జాండర్ ఇంకో మెట్టు ముందుకి వెళ్లాడు. తప్పు చదివేటప్పుడు మొదలవడం లేదు, చదువుదామని అనుకోగానే మొదలవుతోంది. ఆ కోరికే మీట. కాబట్టి సరిచేయాల్సింది కదలికని కాదు, కోరికకీ కదలికకీ మధ్యనున్న ఆ రెప్పపాటుని. వాక్యం చెప్పాలని నిర్ణయించుకుని, చెప్పడం మానేసేవాడు. మెడ వదిలేస్తున్నాను, తల పైకి వెళ్లనిస్తున్నాను, వీపు పొడుగూ వెడల్పూ కానిస్తున్నాను అని లోపల అనుకునేవాడు. అలా అనుకుంటూనే ఒక్కోసారి వాక్యం చెప్పేవాడు, ఒక్కోసారి చేయి ఎత్తేవాడు, ఒక్కోసారి ఏమీ చేయకుండా ఊరుకునేవాడు. ఏది చేస్తాడో ముందుగా తేలకపోయేసరికి అలవాటుకి పట్టు దొరకలేదు.

1904లో లండన్ చేరి, 1955లో చనిపోయేదాకా దీన్నే నేర్పాడు. బెర్నార్డ్ షా, ఆల్డస్ హక్స్‌లీ ఆయన దగ్గర పాఠాలు తీసుకున్నారు. అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ ఆయన పుస్తకాలకి ముందుమాటలు రాశాడు. 1973లో నోబెల్ అందుకున్న నికొలాస్ టిన్‌బెర్గన్ తన నోబెల్ ఉపన్యాసంలో సగానికి దగ్గరగా ఈ పద్ధతికే ఇచ్చాడు. అద్దాల కథంతా 1932లో వచ్చిన అలెగ్జాండర్ పుస్తకంలో ఉంది. ఇవాళ లండన్‌లో రాయల్ అకాడమీ, రాయల్ కాలేజీ, న్యూయార్కులో జూలియార్డ్ వంటి సంగీత విద్యాలయాల్లో అలెగ్జాండర్ పద్ధతి బోధనలో భాగం.

పాఠం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఏమీ జరగనట్టే ఉంటుంది. గురువు మీ మెడ మీద, వీపు మీద తేలిగ్గా చేయి వేస్తారు. కుర్చీలోంచి లేవమంటారు, లేవబోతుంటే ఆగమంటారు. ఫిడేలు అందుకోబోతుంటే ఆగమంటారు. పుస్తకాలు రెండో మూడో తలకింద పెట్టుకుని, మోకాళ్లు పైకి మడిచి పది పదిహేను నిమిషాలు వెల్లకిలా పడుకోవడం ఇంటి పని. వ్యాయామం కాదు, చెమట పట్టదు, ఫలానా భంగిమ అంటూ ఉండదు.

3. ఒకసారి తాకి చూసుకోండి

కాస్త మీతో పని ఉంది. అందరూ ఒక్కసారి నిటారుగా కూర్చోండి.

చూశారా. నూటికి తొంభై మంది నడుము ముందుకి తోసి, రొమ్ము ఎత్తి, ఊపిరి బిగబట్టారు. వదిలేయండి, ఊపిరి తీసుకోండి. చిన్నప్పటినుంచీ మనకి నిటారు అంటే ఇదే. గురువుగారు నిటారుగా కూర్చో అన్న ప్రతిసారీ పిల్లవాడు కూలబడ్డ వీపు మీద ఇంకో బిగువు పేర్చుకుంటాడు. రెండు నిమిషాల తర్వాత అలిసి మళ్లీ కూలబడతాడు. కూలబడటానికీ బిగుసుకోవడానికీ మధ్య మూడో దారి ఉందని ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఇంకోటి. మీ తల మెడ మీద ఎక్కడ కూర్చుందో వేలితో చూపించండి. చాలామంది మెడ వెనక, జుట్టు మొదలయ్యేచోట చూపిస్తున్నారు. కాదు. పుర్రె అడుగున, రెండు చెవుల మధ్య ఎత్తులో ఉంది ఆ కీలు. నాలుగైదు కిలోల బరువున్న తల అక్కడ ఊగేలా అమరి ఉంది. మెడ వెనక ఉందనుకున్నవాడు తల ఊపినప్పుడల్లా మెడని మడుస్తాడు. తొడ కీలు ఎక్కడ? బెల్టు దగ్గర చూపిస్తారు. కాదు, తొడ మడత పడే గజ్జల దగ్గర. బెల్టు దగ్గర అనుకున్నవాడు వంగాలంటే నడుము విరుస్తాడు. చేయి ఎక్కడ మొదలవుతుంది? భుజం దగ్గర అంటున్నారు. కుడిచేత్తో ఎడమ కాలర్ ఎముక వెంబడి తడుముకుంటూ గొంతు గుంట దాకా రండి. అక్కడ, రొమ్ము ఎముక కలిసేచోట వేలు ఉంచి, ఎడమ భుజం ఎత్తి దించండి. కదులుతోంది కదూ? చేతికీ మొండేనికీ మధ్య ఎముకతో ఎముక కలిసే కీలు ఇదొక్కటే. వెనకనున్న రెక్క ఎముక కూడా చేతిలో భాగమే. కమాను చివరిదాకా లాగినప్పుడు కదిలేది భుజం నుంచి వేళ్లదాకా ఉన్న ముక్క మాత్రమే అనుకుంటే, మిగతాదాన్ని స్తంభంలా నిలబెట్టేస్తాం. ఆ స్తంభం నొప్పి పెడుతుంది.

అమెరికాలో విలియం కానబుల్ అనే చెల్లో ఆచార్యుడు దీన్ని గమనించాడు. విద్యార్థి తన ఒంటి గురించి మనసులో గీసుకున్న పటం ఎలా ఉంటే అలాగే కదులుతాడు, ఒళ్లు నిజంగా ఎలా ఉందో దాని ప్రకారం కాదు. పటం తప్పైతే కదలిక తప్పుతుంది, పటం దిద్దితే ఒక్కోసారి అక్కడికక్కడే కదలిక దిద్దుకుంటుంది. అలెగ్జాండర్ పద్ధతి నేర్పే బార్బరా కానబుల్ దీన్నే బాడీ మ్యాపింగ్ పేరుతో సంగీతకారులందరి దగ్గరికీ తీసుకెళ్లింది. మన గాత్ర గురువులు పొట్టతో పాడు అంటారు. ఆ మాట వెనకున్న ఉద్దేశం మంచిదే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ గాలి పొట్టలోకి వెళ్లదు. ఊపిరితిత్తుల పై అంచు కాలర్ ఎముక కంటే కాస్త పైనే ఉంటుంది. డయాఫ్రమ్ అనే కండరం కింది పక్కటెముకల చుట్టూ గొడుగులా అంటుకుని, కిందికి దిగినప్పుడు పొట్టని ముందుకి నెడుతుంది. ఈ సంగతి తెలియని పిల్ల పొట్టని కావాలని ఉబ్బించి, పక్కటెముకల్ని బిగించి, అదే సరైన ఊపిరి అనుకుంటుంది.

అయితే బయటి రూపం చూసి తీర్పు చెప్పకూడదు. కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ నేలకి 14 అంగుళాల ఎత్తున్న కుర్చీలో, ముక్కు మీటలకి తగులుతుందేమో అన్నట్టు వంగి కూర్చునేవాడు. ఏ భంగిమ పుస్తకమూ దాన్ని ఒప్పదు, ఆ వేళ్ల స్వేచ్ఛని ఏ చెవీ కాదనలేదు. 1977 ప్రాంతంలో అదే మనిషి చేతులు మొరాయిస్తే నెలల తరబడి నోట్సు రాసుకుంటూ తనమీద తాను ప్రయోగాలు చేసుకున్నాడన్నది కూడా నిజమే. రెండూ కలిపి గుర్తుంచుకోవాలి.

4. శార్ఙ్గదేవుడి జాబితా

ఇదంతా పరాయి సరుకు అనుకునేవారి కోసం కాదు, నాకే ఇష్టమై ఒక పాత గ్రంథం దగ్గరికి వస్తాను. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు సంగీత రత్నాకరం రాశాడు. రాచకొండ ఏలిన మన సింగభూపాలుడు దానికి సంగీత సుధాకరం అనే వ్యాఖ్య చేశాడు. స్వరాల గురించి చెప్పకముందే ఆ గ్రంథంలో పిండోత్పత్తి ప్రకరణం ఉంది. పిండం ఎలా ఏర్పడుతుంది, ఒంట్లో ఏ అవయవాలున్నాయి, నాదం ఎక్కడినుంచి లేస్తుంది అని. నాకు తెలిసిన మాస్టర్లలో చాలామంది ఈ ప్రకరణాన్ని దాటేసి నేరుగా శ్రుతుల దగ్గరికి పోతారు.

మూడో అధ్యాయమైన ప్రకీర్ణకంలో గాయకుడి దోషాలు 25 ఉన్నాయి. అపస్వరం, తాళం తప్పడం వంటివి ఎలాగూ ఉన్నాయి. మిగతావి చూడండి. పళ్లు కరిచిపట్టి పాడేవాడు సందష్టుడు. చప్పుడుతో ఊపిరి లాగేవాడు సూత్కారి, అలెగ్జాండర్ అద్దంలో చూసింది ఈయన్నే. భయపడుతూ పాడేవాడు భీతుడు. నోరు వికారంగా తెరిచేవాడు కరాళి. ఒంటె మాదిరి మెడ చాచేవాడు కరభుడు. మెడమీద, మొహం మీద నరాలు ఉబ్బించేవాడు ఝోంబకుడు. గొంతు సొరకాయలా ఉబ్బించేవాడు తుంబకి. మెడ వంకర తిప్పేవాడు వక్రి. అవయవాలు చాపేసేవాడు ప్రసారి. కళ్లు మూసుకుని పాడేవాడు నిమీలకుడు. ఈ చివరిది ఖాయం చేస్తే మన సంగీత కళానిధుల్లో ఎంతమంది మిగులుతారో చెప్పలేను, అది వదిలేద్దాం.

ఆ పెద్దమనిషి పాట చెవితోనే వినలేదు, పాడేవాడి మెడనీ దవడనీ చూశాడు. అంతవరకూ సంతోషమే. లోటు ఎక్కడుందంటే, దోషాలకి పేర్లు పెట్టాడు గానీ అవి ఎలా పోతాయో చెప్పలేదు. ఏడువందల ఏళ్ల తర్వాత కూడా మన బోధన అక్కడే ఆగింది. తారస్థాయి షడ్జం దగ్గర శిష్యుడు గడ్డం ఎత్తితే, గడ్డం ఎత్తకు అంటాం. అతను గడ్డాన్ని కిందికి నొక్కి పట్టుకుంటాడు. ఒక దోషం పోయి ఇంకోటి వస్తుంది. ఎత్తకు అనడం వేరు, ఎత్తబోయే క్షణాన్ని పట్టుకోవడం నేర్పడం వేరు.

మన ఫిడేలు పట్టు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 19వ శతాబ్దం మొదట్లో బాలుస్వామి దీక్షితర్ తరం ఈ వాద్యాన్ని మన సంగీతంలోకి తెచ్చుకున్నప్పుడు, నిలబడి గడ్డం కింద నొక్కిపట్టే పద్ధతి మనకి కుదరలేదు. కింద కూర్చుని, కుడికాలు ముందుకి జరిపి, ఫిడేలు తలని చీలమండ మీద ఆనించి, రెండో కొసని రొమ్ముకీ ఎడమ భుజానికీ మధ్య పెట్టుకున్నాం. వాద్యం రెండుచోట్లా ఆనింది కాబట్టి ఎడమచేయి దాన్ని మోయక్కర్లేదు. జారు, కంపితం పలకాలంటే ఆ చేయి ఒట్టి గాలిలో ఉన్నంత తేలిగ్గా ఉండాలి, ఉండగలదు కూడా. ఇది గొప్ప అమరిక. అయినా మా పిల్లల బొటనవేళ్లు చూడండి, ఫిడేలు పారిపోతుందేమో అన్నంత గట్టిగా మెడని పట్టుకుంటాయి. మోయక్కర్లేని బరువుని మోస్తున్నారు.

5. భయం మెడ దగ్గర మొదలవుతుంది

పెద్ద చప్పుడైతే మనిషి ఏం చేస్తాడు? తాబేలు తల లోపలికి లాక్కున్నట్టు మెడ కురచవుతుంది, భుజాలు లేస్తాయి, ఊపిరి ఆగుతుంది. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ పియర్స్ జోన్స్ ఈ ఉలికిపాటుని వరస ఫొటోలు తీసి పరిశీలించాడు. కచేరీ భయంలో ఒంటికి పట్టే తీరు ఇదే, కాకపోతే ఉలికిపాటు క్షణంలో పోతుంది, కచేరీ భయం రెండున్నర గంటలు ఉంటుంది. వణికే కమానుని ధైర్యంగా వాయించు అంటే ఆగదు. మెడ వదిలితే ఆగుతుందా? కొంత ఆగుతుంది.

ఆ కొంత ఎంతో నిజాయితీగా చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతుల గురించి గొప్పలు చెప్పేవారికి కొదవ లేదు. 1995లో లండన్‌లో ఎలిజబెత్ వాలెంటైన్ బృందం 25 మంది సంగీత విద్యార్థులతో ఒక ప్రయోగం చేసింది. కొందరికి 15 అలెగ్జాండర్ పాఠాలు చెప్పారు. ఎవరు పాఠాలు విన్నారో తెలియని నిపుణులు వాయింపు విని మార్కులు వేశారు. తరగతి గదిలో వాయించినప్పుడు పాఠాలు విన్నవారు సంగీతపరంగా, సాంకేతికంగా మెరుగయ్యారు, ఆందోళన తగ్గింది. ఒత్తిడి ఎక్కువున్న అసలు కచేరీలో మాత్రం ఆ తేడా నిలవలేదు. 2014లో ఇలాంటి ప్రయోగాలన్నిటినీ కలిపి సమీక్షించినవారు కూడా, వేదిక భయం మీద పనిచేసే సూచనలున్నాయి, వాయింపు నాణ్యత మీద, ఊపిరి మీద, భంగిమ మీద ఖాయంగా చెప్పలేం అని తేల్చారు. నడుము నొప్పి విషయంలో సాక్ష్యం ఇంతకన్నా గట్టిది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనంలో 579 మంది రోగులు పాల్గొన్నారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవారికి ఏడాది తర్వాత నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, 24 పాఠాలు నేర్చినవారికి 3 రోజులు. వాళ్లు సంగీతకారులు కారు. కానీ మా మృదంగం మాస్టర్ల నడుములూ నడుములే.

15 పాఠాలు అసలు కచేరీ దాకా ఎందుకు రాలేదన్నదానికి నా దగ్గరున్న జవాబు సాధకం. వర్ణం 15 సార్లు వాయించి వేదిక ఎక్కే వెర్రివాడు ఎవడూ లేడు. ఒంటి ఎరుకని మాత్రం పదిహేను పాఠాల్లో తేల్చేయమంటాం.

ఒక హెచ్చరిక కూడా. అన్నీ బిగువు వల్ల రావు. అమెరికా పియానో విద్వాంసుడు లియోన్ ఫ్లైషర్ కుడిచేతి వేళ్లు 1960ల మధ్యలో ముడుచుకుపోయాయి. ఫోకల్ డిస్టోనియా అనే నాడీ సంబంధమైన జబ్బు అని తేలడానికే ఏళ్లు పట్టింది. ఎడమచేతి రచనలు వాయిస్తూ, శిష్యులకి నేర్పుతూ, మందులతో, మర్దనలతో 1990ల్లో మళ్లీ రెండు చేతులతో వేదిక ఎక్కాడు. వేలు తనంతట ముడుచుకుంటున్నా, చేయి తిమ్మిరెక్కి రాత్రి నిద్రపట్టకపోయినా నా దగ్గరికో యోగా మాస్టారి దగ్గరికో కాదు, నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పిని తపస్సుగా భావించే అలవాటు మన గురుకులాల్లో ఉంది. వేళ్లు కాయలు కాస్తే గొప్ప, నడుము పట్టేస్తే సాధకం చేశావని మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు మానేద్దాం.

6. మన తరగతి గదిలో

ఇక్కడ ప్రిన్సిపాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఖర్చు లేని పనులే అడుగుతాను. తరగతి గదికి ఒక నిలువుటద్దం కావాలి. అందం చూసుకోవడానికని పిల్లలు ఎగబడతారు, పడనివ్వండి. రెండోది, కూర్చునే తీరు. బాసింపట్టు వేసినప్పుడు మోకాళ్లు తుంటి కన్నా పైకి లేస్తే నడుము వెనక్కి కూలుతుంది, ఎంత నిటారుగా కూర్చో అన్నా కూర్చోలేరు. పిరుదుల కింద చేతికి గట్టిగా తగిలే రెండు ఎముకలుంటాయి, వాటి కింద మడత దుప్పటి వేస్తే వీపు తనే లేస్తుంది. మా అమ్మమ్మగారు పీట వేసుకుని కూర్చునేవారు, మనకి కచేరీ వేదిక మీద పీట నామోషీ అయింది. కొందరు నలభై దాటిన విద్వాంసులు తెర వెనక మోకాళ్లు పట్టుకుని లేవడం చూశాను, దుప్పటి నామోషీ కాదు.

మూడోది మొదటి ఏడాది సాధకంలో ఆగడాన్ని చేర్చడం. కమాను ఎత్తు, తీగ మీద పెట్టు, వాయించకు. మెడ చూసుకో, దవడ చూసుకో, బొటనవేలు చూసుకో. ఇప్పుడు వాయించాలా వద్దా నువ్వే నిర్ణయించుకో. అయిదుసార్లకి ఒకసారి వాయించకుండానే కమాను దించెయ్. పిల్లలకి మొదట్లో ఇది పిచ్చిపనిలా ఉంటుంది. నెల తిరిగేసరికి వాళ్లే వచ్చి “సార్, నెరవు పాడేవాళ్లకి వాయించేటప్పుడు ముందుకన్నా బాగా వినపడుతోంది” అంటారు. వినపడుతుంది మరి. తన మెడని తాను బిగించుకున్నవాడి చెవి సగం తన మీదే ఉంటుంది. మనోధర్మం అంటే తర్వాతి క్షణం ఏం వస్తుందో తెలియని చోట నిలబడటం, బిగిసిన చేయి తనకి తెలిసిన దారినే పోతుంది.

సభల నిర్వాహకులకి కూడా ఒక మాట. మైకు స్టాండు గాయని నోటి ఎత్తుకి దించండి, ఆవిడ మెడని మైకు ఎత్తుకి పెంచకండి. వయొలిన్ విద్వాంసుణ్ణి గాయకుడి మొహం కనిపించేలా కాస్త ఏటవాలుగా కూర్చోబెట్టండి. మూడు గంటలపాటు మెడ ఒకే పక్కకి తిప్పి కూర్చున్న మనిషి తని ఆవర్తనం సమయంలో మెడ నిమురుకుంటూ ఉంటాడు, మీరు గమనించే ఉంటారు.

ఇక ఈ పద్ధతి నేర్పే గురువులు మన దగ్గర ఉన్నారా అని అడుగుతారు. శిక్షణ పొందినవారు మన రెండు రాష్ట్రాల్లో వేళ్లమీద లెక్కించదగినంత మందే, విజయనగరం దాకా వచ్చి నేర్పేవారు ఇంకా తక్కువ. అందుకని ఆగాల్సిన పని లేదు. అలెగ్జాండర్‌కీ గురువు లేడు, మూడు అద్దాలున్నాయి. ఒక కళాశాల ముగ్గురు యువ అధ్యాపకుల్ని పంపి నేర్పించుకుంటే, అయిదేళ్లలో పరిస్థితి మారుతుంది. దానికయ్యే ఖర్చు ఒక వార్షికోత్సవం పందిరి ఖర్చుకి మించదని నా అంచనా.

ప్రశ్నలుంటే ఇప్పుడే అడగండి. ఫిడేళ్లు తెచ్చుకున్న విద్యార్థులు ఆ తర్వాత పక్క హాలులోకి రండి. చాపలు పరిచి ఉన్నాయి, మడత దుప్పట్లు నేను తెచ్చాను, అద్దం మాత్రం కళాశాలవారిదే. ముందు పావుగంట అందరం పడుకుందాం. వర్ణం ఆ తర్వాత.